పెద్ద ఆపరేషన్ తర్వాత కిడ్నీలను కనిపెట్టుకుని ఉండడం ఎలా? అటెండెంట్‌గా ఉండేవాళ్ల కోసం

"ఆపరేషన్ బాగా జరిగిందండీ. క్రియాటినిన్ కొంచెం పెరిగింది, చూద్దాం."

ఐసీయూ తలుపు సగం తెరిచి డ్యూటీ డాక్టరు ఈ రెండు మాటలు చెప్పి లోపలికి వెళ్లిపోతారు. మొదటి మాట వినగానే మనం సింహాద్రి అప్పన్నకు దండం పెట్టుకుని ఊళ్లో వాళ్లకు ఫోన్లు కలుపుతాం. రెండో మాట చెవిన పడదు. నేను రాస్తున్నది ఆ రెండో మాట గురించే. క్రియాటినిన్ అంటే కండ నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం. కిడ్నీలు దాన్ని సరిగా బయటికి పంపలేకపోతే రక్తపరీక్షలో ఆ అంకె పెరుగుతుంది.

గుండె బైపాస్, వాల్వు మార్పిడి, పేగుల క్యాన్సర్, కాలేయం, పెద్ద రక్తనాళాలు, తుంటి ఎముక లాంటి ఆపరేషన్ల తర్వాత కొన్ని గంటల్లోనో రోజుల్లోనో కిడ్నీలు ఉన్నట్టుండి మందగించడాన్ని అక్యూట్ కిడ్నీ ఇంజురీ అంటారు. డాక్టర్లు క్లుప్తంగా 'ఏకేఐ' అనేస్తారు. అరుదుగా జరిగేదేమీ కాదు. చాలా దేశాల్లో పదివేల మందికి పైగా రోగులను గమనించి 2023లో ప్రచురించిన ఎపిస్-ఏకేఐ అధ్యయనంలో, పెద్ద ఆపరేషన్ అయిన మూడు రోజుల్లోపే 18 శాతం మందికి ఇది వచ్చింది. అందులో ఎక్కువమందిది తేలికపాటి దెబ్బే, కోలుకుంటారు. కానీ దెబ్బ ఎంత పెద్దదైతే ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులు అంత పెరుగుతాయి, ప్రాణాపాయం పెరుగుతుంది, తర్వాతి సంవత్సరాల్లో శాశ్వత కిడ్నీ జబ్బు వచ్చే అవకాశమూ పెరుగుతుంది.

వైద్యం చేసేది డాక్టర్లే, అందులో మనం వేలు పెట్టక్కర్లేదు. అయితే విశాఖలో పెద్ద ఆస్పత్రి ఏదైనా సరే, కేజీహెచ్ అయినా, విమ్స్ అయినా, ఆరిలోవ హెల్త్ సిటీలోని కార్పొరేట్ ఆస్పత్రి అయినా, షిఫ్టులు మారుతుంటాయి, సిస్టర్లు మారుతుంటారు, డ్యూటీ డాక్టర్లు మారుతుంటారు. పేషెంటు పక్కన మారకుండా ఉండేది మీరొక్కరే. పాత క్రియాటినిన్ అంకె, మందుల జాబితా, మూత్రం లెక్క, ఈ మూడూ మీ దగ్గర ఉంటే చాలా పనికొస్తాయి.

ఆపరేషన్ తేదీ ఖరారు కాగానే పాత క్రియాటినిన్ వెతకండి

మిగతావన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి చేయండి.

ల్యాబ్ రిపోర్టులో క్రియాటినిన్ పక్కన నార్మల్ రేంజ్ అని 0.6 నుంచి 1.2 దాకానో 1.3 దాకానో వేస్తారు. మీ అంకె అందులో ఉంటే నల్ల అక్షరాల్లో మామూలుగా ఉంటుంది, దాటితేనే బోల్డ్‌లోనో చుక్క గుర్తుతోనో కనిపిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. 45 కిలోల బక్కపలచని మామ్మ ఉందనుకోండి. కండ తక్కువ కాబట్టి ఆవిడ క్రియాటినిన్ ఎప్పుడూ 0.6 ఉంటుంది. ఆపరేషన్ అయిన మర్నాడు 1.0 వచ్చింది. రిపోర్టులో ఏ గుర్తూ ఉండదు, ఎవరూ కంగారు పడరు. లెక్క ప్రకారం మాత్రం ఆవిడకు ఏకేఐ వచ్చేసినట్టే. ప్రపంచమంతా వాడే కేడిగో (అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంస్థ) ప్రమాణాలు 2012 నుంచి ఇలా ఉన్నాయి: 48 గంటల్లో క్రియాటినిన్ 0.3 మిల్లీగ్రాములు పెరిగినా, ఏడు రోజుల్లో పాత అంకెకు ఒకటిన్నర రెట్లు అయినా, ఆరు గంటల పాటు మూత్రం బాగా తగ్గినా ఏకేఐ కిందే లెక్క. పాత అంకెకు రెండింతలైతే రెండో దశ. మూడింతలైనా, 4.0కి చేరినా, డయాలసిస్ మొదలుపెట్టాల్సి వచ్చినా మూడో దశ.

పాత అంకె లేకపోతే వీటిలో సగం లెక్కలు వేయడం కుదరదు. అందుకే వెతకమంటున్నది. పాత డిశ్చార్జ్ సమ్మరీలు తిరగేయండి, ఫోన్లో వాట్సాప్ ఫొటోల్లో చూడండి, షుగర్ డాక్టరు ఫైలు తీయండి. స్టీల్‌ప్లాంటు, పోర్టు, రైల్వే కుటుంబాలైతే ఆయా ఆస్పత్రుల రికార్డుల్లో ఏళ్ల తరబడి అంకెలు దొరుకుతాయి. ఏమీ దొరక్కపోతే ఆపరేషన్ ముందు చేసే రక్తపరీక్షలో వచ్చిందే మీ ఆధారం. దాన్ని పెన్నుతో పెద్దగా ఫైలు మొదటి పేజీ మీద రాయండి, తేదీతో సహా.

ఉద్దానం వైపు నుంచి, అంటే కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస ప్రాంతాల నుంచి ఆపరేషన్ కోసం విశాఖ వచ్చేవాళ్లకు ఇంకో మాట. అక్కడ షుగర్, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీ జబ్బు రావడం దశాబ్దాలుగా చూస్తున్నదే. కాబట్టి 'మా నాన్నకు షుగర్ లేదు, కిడ్నీకి ఏమవుతుంది' అనుకోవద్దు. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ పరిశోధన కేంద్రంలోనో, ఊళ్లో పెట్టిన స్క్రీనింగ్ క్యాంపులోనో ఎప్పుడైనా పరీక్ష చేయించి ఉంటే ఆ చీటీ తెచ్చుకోండి. సాధారణంగా 1.8 ఉండే మనిషికి 1.8 రావడం వేరు, 0.9 ఉండే మనిషికి 1.8 రావడం వేరు. సర్జన్ మీ పేషెంటును చూడడం అదే మొదటిసారి, ఆయనకు ఆ తేడా ఆ చీటీ వల్లే తెలుస్తుంది.

మత్తు డాక్టరు ఫిట్‌నెస్ చూసేటప్పుడు యూరిన్‌లో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా, హిమోగ్లోబిన్ ఎంత ఉంది అని కూడా అడగండి. రక్తహీనత ఉన్నా, మూత్రంలో ప్రొటీన్ పోతున్నా కిడ్నీకి ముప్పు పెరుగుతుంది. వయసు, షుగర్, గుండె బలహీనత, అత్యవసర ఆపరేషన్ కూడా ఈ ముప్పును పెంచేవే, కాకపోతే వాటిని మనం మార్చలేం.

మందుల సంచి మొత్తం పట్టుకెళ్లండి

పేర్లు చెప్పడం కాదు, స్ట్రిప్పులే తీసుకెళ్లండి. 'బీపీ మాత్ర, తెల్లగా చిన్నగా ఉంటుంది' అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

డాక్టరు అడక్కపోయినా చూపించాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటివి నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర మోకాళ్ల నొప్పులకు వేయించుకున్న ఇంజెక్షన్లు మన పెద్దవాళ్ల దృష్టిలో మందుల కిందకే రావు. 'ఏం మందులు వాడుతున్నావమ్మా' అంటే 'ఏమీ వాడను బాబూ' అంటారు. వారానికి నాలుగు రోజులు నొప్పి బిళ్ల వేసుకుంటూనే ఉంటారు! మీరే విడిగా అడగండి. పసరు మందులు, భస్మాలు, పేరు తెలియని చూర్ణాలు కూడా ఇదే కోవ.

తర్వాత బీపీ మందులు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటివి ఆపరేషన్ ముందు ఆపాలా వద్దా అన్న విషయంలో డాక్టర్లలోనే రెండు పద్ధతులున్నాయి. 2024లో వచ్చిన ఒక పెద్ద ఫ్రెంచి ట్రయల్‌లో ఆపినా కొనసాగించినా ఆపరేషన్ తర్వాతి ఫలితాల్లో పెద్ద తేడా రాలేదు, కొనసాగించిన వాళ్లకు మాత్రం మత్తులో బీపీ ఎక్కువగా పడిపోయింది. కాబట్టి పక్కింటాయనకు ఆపమన్నారని మీరు ఆపొద్దు, మీ మత్తు డాక్టరు చెప్పినట్టు చేయండి. స్ట్రిప్పు మీద పేరు పక్కన 'హెచ్' అన్న అక్షరం ఉంటే అందులో మూత్రం ఎక్కువ పోయించే మందు కూడా కలిసి ఉండొచ్చు, ఆ మాత్ర ప్రత్యేకంగా చూపించండి. ఇలాంటి బీపీ మాత్ర, మూత్రం మాత్ర, నొప్పి మాత్ర మూడూ ఒకేసారి పడితే కిడ్నీ తట్టుకోవడం కష్టం.

షుగర్ మందుల్లో డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉంటే కనీసం మూడు రోజుల ముందే ఆపమంటారు. దానికి కారణం కిడ్నీ కాదు. ఉపవాసంలో రక్తం ఆమ్లంగా మారే కీటో అసిడోసిస్ ప్రమాదం, పైగా షుగర్ అంకె పెద్దగా పెరగకుండానే రావచ్చు. మెట్‌ఫార్మిన్ మామూలుగా ఆపరేషన్ రోజు ఆపుతారు. ఇవన్నీ ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం అడిగితే ఆలస్యమైపోతుంది.

ఇటీవల ఆంజియోగ్రామో, డై ఎక్కించి తీసే సీటీ స్కానో అయి ఉంటే ఆ తేదీ చెప్పండి. అత్యవసరం కాని ఆపరేషన్ అయితే మధ్యలో కొంత వ్యవధి ఇవ్వాలా అని డాక్టర్లు ఆలోచించుకుంటారు.

ముందు రాత్రి మంచినీళ్ల సంగతి

'రాత్రి పది తర్వాత ఏమీ పెట్టొద్దు' అని చెబుతారు. ఇంట్లో వాళ్లు మరీ భయపడి తొమ్మిదికే చెంబు దాచేస్తారు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి అనుకున్న కేసు, ముందు కేసు ఆలస్యమై మధ్యాహ్నం మూడింటికి లోపలికి వెళుతుంది. మే నెల విశాఖ ఉక్కపోతలో డెబ్బై ఏళ్ల మనిషి పద్దెనిమిది గంటలు చుక్క నీరు లేకుండా ఉంటే, కత్తి పడకముందే కిడ్నీలు ఎండిపోయి ఉంటాయి.

మత్తు వైద్యుల మార్గదర్శకాలు అంత కఠినంగా ఏమీ లేవు. తేలికపాటి ఆహారానికి ఆరు గంటలు, నూనె, మాంసం ఉన్న భోజనానికి ఎనిమిది గంటలు, మంచినీళ్లకు రెండు గంటలు వ్యవధి చాలంటాయి. పాలు, మజ్జిగ, పాలు కలిపిన కాఫీ మంచినీళ్ల లెక్కలోకి రావు. పేగు మూసుకుపోయిన వాళ్లకు, కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యే షుగర్ రోగులకు, ఎమర్జెన్సీ కేసులకు మాత్రం ఈ వెసులుబాటు ఉండదు. అందుకే సొంతంగా నిర్ణయించకుండా సూటిగా అడగండి: "డాక్టరు గారూ, మంచినీళ్లు ఎన్నింటి వరకు తాగొచ్చు?" కేసు వెనక్కి జరిగితే మళ్లీ అడగండి, లేదా సెలైన్ పెట్టమని అడగండి. పేగుల ఆపరేషన్‌కు ముందు రోజు విరేచనాల మందు ఇస్తే ఇది మరీ ముఖ్యం.

థియేటర్ లోపల జరిగేది మన చేతుల్లో లేదు. అక్కడ బీపీ పడకుండా, రక్తం తగ్గకుండా చూసుకునే పని మత్తు డాక్టరుది. ఒక్క సంగతి మాత్రం తెలిసి ఉంటే మంచిది. సెలైన్ తక్కువ ఇవ్వడమే మేలన్న వాదన ఒకటి చాలాకాలం నడిచింది. 2018లో వచ్చిన రిలీఫ్ ట్రయల్‌లో, కడుపు ఆపరేషన్లలో సెలైన్ బిగించి ఇచ్చిన వాళ్లలో 8.6 శాతానికి, ధారాళంగా ఇచ్చిన వాళ్లలో 5 శాతానికి కిడ్నీ దెబ్బ తగిలింది. అలాగని ముంచెత్తినా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

మొదటి మూడు రోజులు యూరిన్ బ్యాగ్ మీద కన్నేయండి

క్రియాటినిన్ కరెంటు బిల్లు లాంటిది, వాడకం అయిపోయాక గానీ చేతికి రాదు. కిడ్నీకి దెబ్బ తగిలిన రోజున కాక, ఒకటి రెండు రోజుల తర్వాత పైకి లేస్తుంది. మూత్రం అలా కాదు, గంటల్లోనే సంగతి చెబుతుంది.

లెక్క తేలికే. పేషెంటు బరువును కిలోల్లో రాసి సగం చేయండి. వచ్చిన అంకె, గంటకు రావాల్సిన కనీస మూత్రం, మిల్లీలీటర్లలో. 64 కిలోల మనిషికి గంటకు 32 మి.లీ. ఆరు గంటలకు దాదాపు 190 మి.లీ. అంతకన్నా తక్కువ వస్తే చెప్పాల్సిన సమయం వచ్చిందన్నమాట. ఒక్క గంట తగ్గిందని హడావిడి పడొద్దు. ఆపరేషన్ ఒత్తిడికి ఒళ్లు నీటిని పట్టి ఉంచుకోవడం సహజమే. వరసగా గంటలు గడుస్తున్నా పెరగకపోతేనే ఆలోచించాలి.

ఐసీయూలో గంట గంటకూ వాళ్లే రాస్తారు. వార్డుకు మార్చాక మాత్రం ఈ లెక్క చాలా చోట్ల నీరసపడుతుంది. రాత్రి డ్యూటీలో ఇద్దరు సిస్టర్లు ముప్పై మంచాలు చూస్తుంటే వాళ్లను తప్పు పట్టడానికీ లేదు. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఎన్నింటికి చూశారు, బ్యాగ్ మీద గీత ఎంత దగ్గర ఉంది, ఎన్నింటికి ఖాళీ చేశారు, నోటి ద్వారా ఎంత ఇచ్చారు, అంతే. బ్యాగ్ మీరే ఖాళీ చేసేయకండి, అంకె రాయకుండా ఎవరినీ ఖాళీ చేయనివ్వకండి. వార్డు బాయ్ పొద్దున్నే వచ్చి వరసగా బ్యాగులన్నీ ఒంపేసి పోతుంటాడు. "బాబూ, ఒక్క నిమిషం ఆగు, రాసుకోనీ" అంటే కాదనడు.

మూత్రం ఉన్నట్టుండి పూర్తిగా ఆగిపోతే ముందు ట్యూబు చూడండి. మడత పడిందా, పేషెంటు తొడ కింద నలిగిందా, బ్యాగు మంచం కన్నా పైకి ఉందా? రక్తపు గడ్డ అడ్డుపడినా అలాగే ఆగుతుంది. అది సిస్టర్ చూసుకోవాల్సిన పని, ట్యూబు మీరు లాగొద్దు, పిండొద్దు. పైపు తీసేశాక ఆరు గంటలైనా పేషెంటు మూత్రానికి వెళ్లకపోతే చెప్పండి. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన తాతల్లో ఇది తరచూ జరుగుతుంది. మూత్రం తయారవుతూనే ఉంటుంది గానీ బయటకు రాదు. కొలగీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి కొనుక్కోండి, తర్వాతి రోజులకు అదే మీ బ్యాగు.

రౌండ్స్‌లో డాక్టరు మీ మంచం దగ్గర ఉండేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలకు ప్రశ్నలు సిద్ధంగా ఉంచుకోండి.

- ఈ రోజు క్రియాటినిన్ ఎంత, నిన్న ఎంత?
- పొటాషియం ఎంత ఉంది?
- 24 గంటల్లో యూరిన్ ఎంత వచ్చింది, సెలైన్ ఎంత వెళ్లింది?
- కిడ్నీకి పడని మందు ఏదైనా నడుస్తోందా?

చివరి ప్రశ్నకు కొందరు డాక్టర్లు మొహం చిట్లిస్తారు. అయినా అడగండి. నొప్పికి కెటోరోలాక్, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు, ఇన్ఫెక్షన్‌కు అమికాసిన్, జెంటామైసిన్, వాంకోమైసిన్, కొలిస్టిన్ లాంటివి అవసరాన్ని బట్టి వాడాల్సిందే. వాడుతున్నప్పుడు మోతాదు క్రియాటినిన్‌ను బట్టి మార్చాలి, కొన్నింటికి రక్తంలో మందు మోతాదు పరీక్షించాలి. అడిగే మనిషి ఉన్నచోట ఆ సవరణ కొంచెం త్వరగా జరుగుతుంది.

బోండాల దగ్గర జాగ్రత్త

అనకాపల్లి నుంచి చుట్టాలు వస్తారు, చేతిలో సంచి, సంచిలో నాలుగు కొబ్బరి బోండాలు, అరడజను బత్తాయిలు, అరటిపళ్లు. ప్రేమే, సందేహం లేదు. కానీ కిడ్నీ మందగించినప్పుడు ఒంట్లో పొటాషియం బయటికి పోదు. ఈ మూడింటిలోనూ పొటాషియం దండిగా ఉంటుంది. అది రక్తంలో 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, ముందు హెచ్చరిక ఏదీ కనిపించకపోవచ్చు కూడా. 'తక్కువ సోడియం ఉప్పు' అని అమ్మే వాటిలోనూ సోడియం బదులు పొటాషియమే కలుపుతారు.

"వదినా, బోండాం తర్వాత తాగిద్దాం, డాక్టరు పొటాషియం చూసి చెబుతానన్నారు" అనండి. ఇక్కడ డాక్టరు పేరు వాడుకోవడంలో తప్పేమీ లేదు.

'నీళ్లు బాగా తాగిస్తే కిడ్నీలు కడుక్కుపోతాయి' అన్న సలహా కూడా ఇలాంటిదే. మూత్రం తగ్గిన మనిషికి లీటర్లు లీటర్లు పట్టిస్తే అవి పోయేది పాదాల వాపులోకీ ఊపిరితిత్తుల్లోకీ. ఎంత తాగించాలో డాక్టరు అంకె చెబుతారు, ఆ అంకె దగ్గర ఆగండి. రాత్రి పడుకుంటే ఆయాసం, కూర్చుంటే ఉపశమనం, ముఖం ఉబ్బడం, రోజుకో కిలో బరువు పెరగడం, మగతగా మాటలు తడబడడం కనిపిస్తే రౌండ్స్ దాకా ఆగకుండా వెంటనే డ్యూటీ డాక్టరును పిలవండి.

అంకె పెరిగితే కారణం అడగండి

'ఏకేఐ' అంటే ఒక స్థితి మాత్రమే, దాని వెనక కారణం ఉంటుంది. కిడ్నీకి రక్తం చాలకపోవడం, కిడ్నీయే దెబ్బతినడం, మూత్రం బయటికి వచ్చే దారి మూసుకుపోవడం, ఈ మూడింట్లో ఏది? జ్వరం, కుట్ల దగ్గర చీము, పేగు కుట్టు లీకు లాంటి ఇన్ఫెక్షన్ ఉంటే ముందు దాన్ని పట్టుకోవాలి, లేకపోతే కిడ్నీ తేరుకోదు. గర్భసంచి తీసిన ఆపరేషన్ తర్వాత నడుం పక్కన నొప్పితో క్రియాటినిన్ పెరిగితే మూత్రనాళానికి ఏమైనా తగిలిందేమో స్కాన్‌లో చూస్తారు. నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, వచ్చి చూశారా అని అడగండి. మీరున్న ఆస్పత్రిలో లేకపోతే బయటి నుంచి పిలిపించగలరా అని అడగండి.

మూత్రం ఎక్కువ పోయించే లేసిక్స్ ఇంజెక్షన్ ఇవ్వగానే బ్యాగు నిండితే అందరం సంతోషపడతాం. అది చేరిన నీటిని తీయడానికి పనికొస్తుంది గానీ కిడ్నీని బాగుచేయదు. మర్నాటి క్రియాటినిన్ చూశాక సంతోషపడదాం.

డయాలసిస్ మాట వస్తే

'ఒకసారి మొదలెడితే ఇక జీవితాంతం చేయించుకోవాల్సిందే' అనే మాట మన ఇళ్లలో ఎంత పాతుకుపోయిందంటే, దాని కోసం సంతకం పెట్టకుండా రెండు రోజులు నాన్చి ప్రాణం మీదికి తెచ్చుకున్న కుటుంబాలున్నాయి. ఏళ్ల తరబడి కిడ్నీలు చెడి ఆఖరి దశకు వచ్చినవాళ్ల విషయంలో అది చాలావరకు నిజం. ఆపరేషన్ తర్వాత హఠాత్తుగా వచ్చిన దెబ్బలో అలా కాదు. కిడ్నీ కోలుకునేదాకా ఆ పనిని మిషను చేస్తుంది, కోలుకున్నాక ఆపేస్తారు. డయాలసిస్ చేయడం వల్ల కిడ్నీ అలవాటు పడిపోదు. కోలుకోకుండా ఉండిపోయేవాళ్లూ ఉన్నారు, అది ముందు నుంచి కిడ్నీ ఎలా ఉంది, దెబ్బ ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

దీనికి తిరగబడ్డ భయం ఇంకొకటి: 'క్రియాటినిన్ 5 అయింది, ఇంకా డయాలసిస్ చేయరేం, నిర్లక్ష్యం చేస్తున్నారు' అని గొడవకు దిగడం. క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి డయాలసిస్ చేయరు. మందులకు లొంగని పొటాషియం, రక్తంలో ఆమ్లం పెరిగిపోవడం, ఊపిరితిత్తుల్లో నీరు, యూరియా పెరిగి స్పృహ తగ్గడం, ఇవి కారణాలు. ఐసీయూ రోగుల మీద చేసి 2020లో ప్రచురించిన స్టార్ట్-ఏకేఐ ట్రయల్‌లో తొందరగా మొదలుపెట్టినా, అవసరం కనబడేదాకా ఆగినా 90 రోజుల్లో మరణాలు ఒకేలా ఉన్నాయి, రెండు వైపులా 44 శాతం దగ్గర. పైగా బతికినవాళ్లలో 90 రోజుల నాటికి ఇంకా డయాలసిస్ మీద ఉన్నవాళ్లు తొందరగా మొదలెట్టిన వైపే ఎక్కువ, 10 శాతానికి 6. ఆ 44 శాతం అంకె చూస్తే భయమేస్తుంది, నిజమే. అది డయాలసిస్ వల్ల వచ్చింది కాదు, ఆ దశకు చేరిన రోగులు అంత జబ్బుగా ఉంటారు. ఇంట్లో పెద్ద నిర్ణయం తీసుకునేవాళ్లకు ఈ నిజం ముందే తెలిసి ఉండాలి.

కాబట్టి సంతకం అడిగినప్పుడు 'ఏ కారణానికి చేస్తున్నారు' అని అడగండి. పొటాషియం అంటే పొటాషియం అంకె చూపించమనండి. బీపీ నిలవని పేషెంటుకు రోజంతా నెమ్మదిగా నడిచే పద్ధతి వాడతారు, ఖర్చు ఎక్కువ, అదీ ముందే అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మొన్నటి ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయితే, తర్వాత వచ్చిన ఈ డయాలసిస్ ప్యాకేజీలో కలుస్తుందా, విడిగా అప్రూవల్ పెట్టాలా అని ఆస్పత్రిలోని పథకం హెల్ప్‌డెస్క్‌లో అదే రోజు అడగండి. సందేహం ఉంటే 104కి ఫోన్ చేయండి. బిల్లు వేశాక అడిగి లాభం లేదు.

డయాలసిస్ మీదే ఇంటికి పంపితే, 'ఇది శాశ్వతమా, కోలుకునే అవకాశం ఉందా' అన్నది డిశ్చార్జ్ కాగితంలో రాయించండి. ఇంటి దగ్గరి డయాలసిస్ సెంటర్‌లో ఆ మాట లేకపోతే మిమ్మల్నీ అందరితో పాటు శాశ్వత రోగుల జాబితాలో కలిపేస్తారు. రోజు మొత్తం మూత్రం కొలవండి. పెరుగుతుంటే, డయాలసిస్‌కు ముందు తీసే క్రియాటినిన్ తగ్గుతుంటే నెఫ్రాలజిస్టుకు చూపించండి. మూడు నెలల దాకా తలుపు మూసుకున్నట్టు కాదు. మెడ దగ్గర వేసిన పైపు తడవకూడదు, చలి జ్వరం వస్తే గంటల్లో ఆస్పత్రికి వెళ్లాలి.

డిశ్చార్జ్ రోజు, ఆ తర్వాత

డిశ్చార్జ్ సమ్మరీలో ఆపరేషన్ గురించి పేజీన్నర ఉంటుంది, కిడ్నీ గురించి ఒక్క ముక్క ఉండదు. క్రియాటినిన్ మామూలుకు వచ్చేసింది కదా అని రాయరు. మీరు అడిగి రాయించాల్సినవి: ఏకేఐ వచ్చిందన్న మాట, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన క్రియాటినిన్, ఇంటికి వెళ్లే రోజు క్రియాటినిన్, ఆపేసిన మందులు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో. టెల్మిసార్టాన్ ఆపేసి వదిలేస్తే బీపీ పెరిగి మళ్లీ కిడ్నీకే చేటు. ప్రిస్క్రిప్షన్‌లో 'అవసరమైతే వేసుకోండి' అని రాసిన నొప్పి మాత్ర ఏమిటో చదవండి. పారాసెటమాల్ అయితే చెప్పిన మోతాదులో పర్వాలేదు. డైక్లోఫెనాక్ రకం అయితే అక్కడే మార్పించండి.

ఇంటికొచ్చాక ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చేయించండి. మూడో నెలలో క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో అల్బుమిన్, బీపీ చూపించండి. ఈ మూడో నెల పరీక్షను ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. కుట్లు మానాయి, నడుస్తున్నారు, ఇంకెందుకు అనుకుంటారు. మూడు నెలలు దాటినా తేరుకోకపోతే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగానే లెక్కిస్తారు, వైద్యం దారి వేరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఐసీయూలో వారాలు పడుకున్న మనిషికి కండ కరిగిపోతుంది. క్రియాటినిన్ కండ నుంచి వచ్చేదే కాబట్టి, కిడ్నీ పూర్తిగా కోలుకోకపోయినా అంకె అందంగా 0.8 అని కనిపించొచ్చు. పది కిలోలు తగ్గిన మనిషి రిపోర్టును పాత రిపోర్టుతో పోల్చి మురిసిపోకండి. నెఫ్రాలజిస్టును సిస్టాటిన్-సి పరీక్ష అవసరమా అని అడగండి, అది కండ మీద అంతగా ఆధారపడదు.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు బీపీ మాత్ర, షుగర్ మాత్ర వేయాలో వద్దో డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. ఎండలో పని చేసేవాళ్లు, అంటే ఫిషింగ్ హార్బర్‌లో బరువులు మోసేవాళ్లు, జీడితోటల్లో కూలికి పోయేవాళ్లు, మొదటి నెలల్లో మధ్యాహ్నపు పని మానుకోవాలి. ఒళ్లు నొప్పులని ఆర్ఎంపీ దగ్గరికి వెళితే నొప్పి ఇంజెక్షన్ వద్దని ముందే చెప్పండి. ఇకపై ఏ ఆస్పత్రికి వెళ్లినా, పంటి డాక్టరు దగ్గరికైనా, డై ఎక్కించే స్కాన్‌కైనా, మందు రాయకముందే ఆ డిశ్చార్జ్ కాగితం బల్ల మీద పెట్టండి.